పాలపన్ను చెప్పే సాక్ష్యం: నేల నుండి శిశువు వరకు సీసం లెక్క

భూసార పరీక్షకు మట్టిని ఎక్కడ తీయవలెనో, ఎంత లోతు నుండి తీయవలెనో, గట్ల పక్కన, పెంటకుప్పల దగ్గర ఎందుకు తీయరాదో వ్యవసాయ విద్యార్థికి తొలి సంవత్సరంలోనే బోధిస్తారు. సాగునీటిలో లవణాలు, ఆకులో జింకు లోపం, ధాన్యంలో ఇనుము శాతం మొదలైన వాటన్నిటికీ పద్ధతులు ఉన్నవి, ప్రమాణాలు ఉన్నవి, ప్రయోగశాలలు ఉన్నవి. సీసం, కాడ్మియం వంటి హానికర లోహాలను సైతం మట్టిలోను, కూరగాయలలోను, పశుగ్రాసంలోను కొలిచి ఏటేటా పరిశోధన వ్యాసాలు వెలువడుతున్నవి. అయితే ఈ లెక్క అంతా పంట దగ్గరనో, పాల దగ్గరనో ఆగిపోతున్నది. ఆ అన్నం తిని, ఆ పాలు త్రాగి, ఆ మట్టిలో ఆడుకొనే బిడ్డ శరీరంలోకి చివరకు ఎంత చేరినదన్న ప్రశ్నకు చాలా వ్యాసాలలో సమాధానం ఉండదు. ఆ సమాధానం బిడ్డ నోటిలోనే ఉన్నది. ఆరేడేళ్ళ వయస్సులో ఊడిపోగా ఇంటి కప్పు మీదకు విసిరివేసే పాలపన్ను, ఆ బిడ్డ తల్లి గర్భంలో ఉన్ననాటి నుండి జరిగిన లోహాల చేరికకు లిఖితపూర్వకమైన సాక్ష్యం. ఈ సాక్ష్యాన్ని సేకరించే పని దంతవైద్యులది మాత్రమే కాదు. నేల, నీరు, పంట, పశువు గురించి తెలిసిన వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలది కూడా.

దంతంలో సీసం నిలిచే తీరు

దంతపు పైపొర అయిన ఎనామెల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడే హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికాలతో అది నిర్మితమవుతుంది. సీసపు అయాను విద్యుదావేశంలో కాల్షియంతో సమానం. పరిమాణంలోనూ కొంత దగ్గర. అందువలన స్ఫటికం పెరిగే వేళ రక్తంలో సీసం ఉన్నట్లయితే, కాల్షియం కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. స్ట్రాన్షియం, బేరియం కూడా ఇదే దారిన వస్తాయి. ఎముక జీవితాంతం కరుగుతూ, తిరిగి కట్టుకొంటూ ఉంటుంది. ఎనామెల్ ఒకసారి ఏర్పడిన తరువాత తిరిగి కట్టబడదు. చెట్టు కాండంలోని వలయాల వలె దానిలో అనుదిన వృద్ధి రేఖలు సైతం సూక్ష్మదర్శినికి కనిపిస్తాయి.

పాలపళ్ళ ఖనిజీకరణ గర్భస్థ దశలో నాలుగవ నెల ప్రాంతంలోనే మొదలవుతుంది. ప్రసవ సమయపు ఒత్తిడి ఎనామెల్‌లో ఒక స్పష్టమైన గీతగా మిగులుతుంది. దీనిని నవజాత రేఖ అంటారు. ఆ గీతకు లోపలి భాగం గర్భంలో ఏర్పడినది, వెలుపలి భాగం పుట్టిన తరువాత ఏర్పడినది. కనుక ఒకే పంటిలో తల్లి ద్వారా వచ్చిన లోహాన్ని, బిడ్డ స్వయంగా తిని, పీల్చి పొందిన లోహాన్ని వేరుచేసి చూడగల అవకాశం ఉన్నది. ఎనామెల్ క్రింద ఉండే డెంటిన్ స్వభావం కొంత భిన్నం. దంతమజ్జ చుట్టూ కొత్త డెంటిన్ పొరలు చేరుతూనే ఉంటాయి కాబట్టి అక్కడ పన్ను ఊడే వరకు రక్తంలో తిరిగిన సీసం పోగుపడుతుంది.

రక్త పరీక్షతో పోల్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. రక్తంలోని సీసం సుమారు ఒక నెలలో సగానికి తగ్గుతుంది. కాబట్టి రక్తం ఇటీవలి వారాల కథనే ప్రధానంగా చెబుతుంది. పన్ను ఏళ్ళ కథ చెబుతుంది. ప్రమాదం జరుగుతున్నప్పుడు బిడ్డను కాపాడటానికి రక్త పరీక్షే కావలెను. ప్రమాదం ఎప్పుడు మొదలైనది, ఎంతకాలం సాగినది, ఏ గ్రామంలో ఎక్కువ అన్న ప్రశ్నలకు పన్ను మేలు. ఈ రెంటినీ పోటీగా కాక పరస్పర పూరకాలుగా చూడటం ఉచితం.

పాలపళ్ళు మార్చిన విధానాలు

పాలపళ్ళ సేకరణ వృథా కుతూహలం కాదని చరిత్ర రుజువు చేసినది. 1958లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వైద్యురాలు లూయీజ్ రైస్ సారథ్యంలో పాలపళ్ళ సర్వే ఆరంభమైనది. అణుపరీక్షల వలన గాలిలో కలిసిన స్ట్రాన్షియం-90 వర్షంతో పచ్చికపై పడి, ఆవు మేతలోకి, పాలలోకి, ఆ పాలు త్రాగిన పిల్లల పళ్ళలోకి చేరుతున్నదా అన్నది వారి ప్రశ్న. ఇది పేరుకు వైద్య సర్వే. వాస్తవానికి నేల, పశుగ్రాసం, పాడి, శిశువు అనే గొలుసును చివరి కొస నుండి వెనుకకు చదివిన వ్యవసాయ పరిశోధన. 1970 వరకు సాగిన ఆ సర్వేకు సుమారు 3 లక్షల పళ్ళు చేరినవి. బడిపిల్లలు, తల్లులు, దంతవైద్యులు, స్వచ్ఛంద కార్యకర్తలే సేకర్తలు. 1961లో వెలువడిన తొలి ఫలితాలు పళ్ళలో స్ట్రాన్షియం-90 పెరుగుతున్నదని చూపినవి. వాతావరణంలో అణుపరీక్షలను నిషేధించిన 1963 నాటి ఒప్పందానికి అనుకూలంగా ప్రజాభిప్రాయం ఏర్పడటంలో ఈ సర్వేకు కూడా భాగమున్నది.

సీసం విషయంలో ఇదే మార్గాన్ని హెర్బర్ట్ నీడిల్‌మన్ అనుసరించినారు. ఫిలడెల్ఫియా నగర మధ్యభాగపు పిల్లల పాలపళ్ళలో శివారు పిల్లల కంటే దాదాపు ఐదు రెట్లు సీసం ఉన్నదని ఆయన బృందం 1972లో ప్రకటించినది. తరువాత మసాచుసెట్స్ రాష్ట్రంలోని రెండు పట్టణాలలో 2,000కు పైగా పిల్లల నుండి పళ్ళు సేకరించి, డెంటిన్‌లో సీసం అధికంగా ఉన్న 58 మందిని, తక్కువగా ఉన్న 100 మందితో పోల్చినారు. ఈ పిల్లలెవరిలోనూ సీస విషప్రభావపు బాహ్య లక్షణాలు లేవు. అయినను అధిక సీసపు వర్గంలో బుద్ధిసూచిక తక్కువగా ఉన్నది. తరగతిలో ఏకాగ్రత లోపాన్ని పళ్ళ ఫలితాలు తెలియని ఉపాధ్యాయులే గుర్తించినారు. 1979లో వెలువడిన ఈ వ్యాసం, రోగం కనిపించనంత మాత్రాన హాని లేదనే భ్రమను తొలగించినది. పదకొండేళ్ళ తరువాత జరిపిన పరిశీలనలో అధిక సీసపు వర్గం వారు మధ్యలో బడి మానివేయడం ఎక్కువగా కనిపించినది.

విద్యార్థులు ఈ కథలోని రెండవ భాగాన్ని కూడా తెలుసుకొనవలెను. ఈ ఫలితాలను సవాలు చేస్తూ ఆయనపై శాస్త్రీయ దుష్ప్రవర్తన ఆరోపణలు వచ్చినవి. విచారణలో ఆరోపణ నిలువలేదు. అయితే పిల్లల ఎంపికను వివరించిన తీరులో లోపాలు ఎత్తిచూపబడినవి. ఆర్థిక ప్రయోజనాలను తాకే కొలత ఏదైనా ఇటువంటి పరీక్షకు గురికాక తప్పదు. నమూనా ఎవరిది, ఎందుకు తీసుకొన్నారు, ఎందుకు వదిలివేసినారు అన్న వివరాలు పుస్తకంలో నమోదై ఉండుటే శాస్త్రవేత్తకు రక్ష.

నల్లగొండ నేర్పిన పాఠం

దంతం పర్యావరణానికి సాక్షి అన్న మాట తెలుగు ప్రాంతానికి కొత్త కాదు. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుండి ఫ్లోరోసిస్‌ను వైద్యులు నివేదించినారు. తరువాతి దశాబ్దాలలో నల్లగొండ పేరు ఈ వ్యాధికి పర్యాయపదమైనది. గారపట్టిన, గుంటలుపడిన పళ్ళు బావినీటిలోని ఫ్లోరైడును ఏ యంత్రమూ లేకుండానే ప్రకటించినవి. పళ్ళపై ఆ మచ్చలు ఎనామెల్ ఏర్పడే బాల్యంలో అధిక ఫ్లోరైడు త్రాగిన వారికే వస్తాయి. పెద్దయిన తరువాత ఆ ఊరికి వచ్చి స్థిరపడిన వారి పళ్ళకు రావు. అంటే ఆ మచ్చ ఒక తేదీతో కూడిన నమోదు.

ఫ్లోరిన్ కంటికి కనిపించేలా వ్రాస్తుంది. సీసం కనిపించకుండా వ్రాస్తుంది. ఈ ఒక్క భేదం వలననే ఒకటి ప్రజా ఉద్యమానికి, రక్షిత నీటి పథకాలకు దారితీసినది. మరొకటి ప్రయోగశాల గోడలు దాటలేదు. పిల్లవాడు పాఠం మరచిపోతే ఇంట్లో తిట్టు, బడిలో దెబ్బ పడుతున్నవి గాని, కారణం వంటింటి పసుపులోనో, ఊరిబయట పాత బ్యాటరీలు కరిగించే కొలిమిలోనో ఉండవచ్చునని ఎవరికీ తోచదు.

కొలతలో జాగ్రత్తలు

పన్ను దొరికినంత మాత్రాన కొలత సిద్ధించదు. మొదటిది, ఏ పన్ను అన్నది ముఖ్యం. ముందు పళ్ళు, దవడపళ్ళు వేర్వేరు కాలాలలో ఏర్పడతాయి. వాటిలో సీసం ప్రమాణం కూడా వేరుగా ఉంటుంది. ఒక గ్రామపు ముందు పళ్ళను మరొక గ్రామపు దవడపళ్ళతో పోల్చడం, పూత దశలోని పైరును కోత దశలోని పైరుతో పోల్చడం వంటిదే. రెండవది, పంటిలో ఏ భాగం అన్నది. ఎనామెల్ ఉపరితలంలో సీసం, జింకు, ఫ్లోరిన్ లోపలి భాగం కంటే ఎక్కువగా పోగుపడతాయి. మొత్తం పంటిని నూరి కొలిచినట్లయితే గర్భస్థ కాలపు సీసం, నిన్నటి సీసం కలిసి ఒకే సగటు వస్తుంది, కాలం చెరిగిపోతుంది. పుచ్చిన పన్ను, పూడ్చిన పన్ను, వేరు కరిగిన పన్ను విడిగా నమోదు కావలెను.

మూడవది పరికరం. గ్రాఫైట్ ఫర్నేస్‌తో కూడిన అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రం, ఐసీపీ-ఎంఎస్ యంత్రం రెండింటిలోనూ పంటిని ఆమ్లంలో కరిగించి కొలుస్తారు. లేజర్ పుంజంతో పంటి కోతపై గీత వెంట గీతగా చదివే పద్ధతి నెలలవారీ చరిత్రను ఇస్తుంది. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ విధంగానే బేరియం హెచ్చుతగ్గులను చదివి, బెల్జియంలో దొరికిన నియాండర్తల్ శిశువు తల్లిపాలు మానిన వయస్సును అంచనా వేసినది. వేల ఏళ్ళనాటి పంటికి సాధ్యమైనది నిన్న ఊడిన పంటికి సాధ్యం కాకపోదు.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది శుభ్రత. కొలవవలసినది పది లక్షల పాళ్ళలో కొన్ని పాళ్ళు మాత్రమే అయినప్పుడు గదిలోని ధూళి, గోడ రంగు, ఆమ్లపు మాలిన్యం, గాజు సీసా సైతం ఫలితాన్ని తారుమారు చేయగలవు. ప్రతి విడతలో ఖాళీ నమూనా, ఎముక పొడితో తయారైన ధ్రువీకృత ప్రమాణ పదార్థం తప్పనిసరిగా నడపవలెను. భూసార ప్రయోగశాలలో జింకు కొలిచే బల్లపైనే పంటిలో సీసం కొలవబోవడం అవివేకం.

వ్యవసాయంతో ముడి

ఇది వ్యవసాయ విశ్వవిద్యాలయాల పని కాదనే వాదన వినిపించవచ్చు. సీసం బిడ్డను చేరే దారులను చూచినచో ఆ వాదన నిలువదు. పసుపునకు మెరుగు రంగు రావడానికి లెడ్ క్రోమేట్ కలపడం ఇందుకు ప్రబలమైన ఉదాహరణ. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలోని సీసానికి ఇటువంటి పసుపు ఒక మూలమని 2019లో ఐసోటోపుల నిష్పత్తుల సాయంతో పరిశోధకులు చూపినారు. ప్రభుత్వం దాడులు జరిపి, జరిమానాలు విధించి, వ్యాపారులకు, ప్రజలకు ప్రచారం చేసిన పిదప, 2019లో 47 శాతం నమూనాలలో కనిపించిన సీసం 2021 నాటికి ఏ నమూనాలోనూ కనిపించలేదు. కొలత, విస్తరణ, చట్టం చేయి కలిపితే రెండేళ్ళలో ఏమి సాధ్యమో దీనివలన తెలుస్తున్నది. నిజామాబాదు, దుగ్గిరాల వంటి పసుపు మార్కెట్లు ఉన్న ప్రాంతానికి ఈ అనుభవం పరాయిది కాదు. రైతు పండించిన కొమ్ములో ఈ దోషం లేదు. మెరుగుపట్టే దశలోను, పొడిచేసే దశలోను చేరుతున్నది. ఈ భేదాన్ని వినియోగదారునికి వివరించి రైతు పక్షాన నిలువవలసినది విస్తరణ శాస్త్రవేత్తయే.

మట్టి నుండి వచ్చే సీసం సంగతి వేరు. సీసం నేల రేణువులను గట్టిగా పట్టుకొని ఉంటుంది. వేరు ద్వారా గింజలోకి చేరేది స్వల్పం. ఆకుకూరలకు అంటిన ధూళి, దుంపలకు అంటిన మట్టి, పిల్లల చేతికంటిన మట్టి అధిక ప్రమాదకరం. నగర మురుగునీటితో పశుగ్రాసం, ఆకుకూరలు పెరిగే మూసీ పరివాహకం వంటి చోట్ల, పాత బ్యాటరీలను కరిగించే అనధికార కొలుముల సమీపంలో ఈ పరిశీలన అత్యవసరం. ఫాస్ఫేట్ వేసినచో నేలలోని సీసం పైరోమార్ఫైట్ అనే కరగని ఖనిజంగా బంధింపబడుతుంది. పంటిలో సీసాన్ని పట్టి ఉంచే అపటైట్ కుటుంబానికి చెందిన ఖనిజమే ఇది. ఒకే రసాయనం నేలలో రక్షణగాను, నోటిలో సాక్ష్యంగాను పనిచేస్తున్నదన్నమాట.

పోషణ కూడా ఇందులో భాగమే. పెద్దలు తిన్న సీసంలో సుమారు పదవ వంతు మాత్రమే శరీరంలోకి పోగా, చిన్నపిల్లలలో ఇది సగం వరకు ఉండవచ్చు. ఇనుము, కాల్షియం లోపించిన బిడ్డ మరింత గ్రహిస్తుంది. నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాముల దరిదాపులో కాల్షియం గల రాగులను అంగన్‌వాడీ ఆహారంలో చేర్చమనే సలహాకు ఈ కోణం నుండి మరింత బలం చేకూరుతున్నది. అయితే మంచి ఆహారం సీసపు మూలాన్ని తొలగించడానికి ప్రత్యామ్నాయం కాదు.

ఆధార రేఖ లేని లోటు

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు, బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నవని ప్రాథమిక పరీక్షలు తెలిపినవి. తరువాత నిపుణుల దృష్టి పురుగుమందుల అవశేషాల వైపు మళ్ళినది. ఆ సీసం ఆ వారంలో చేరినదా, ఏళ్ళ తరబడి ఆ ప్రాంతవాసుల శరీరంలో ఉన్నదేనా అన్న ప్రశ్న అటువంటి సందర్భాలలో కీలకం. దానికి సమాధానం చెప్పాలంటే ముందుగానే సేకరించిన ఆధార రేఖ ఉండవలెను. ఉపద్రవం వచ్చిన నాడు బావి త్రవ్వినట్లు, ప్రమాదం జరిగిన నాడు ఆధార రేఖను సృష్టించడం సాధ్యం కాదు. దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు నిలిచిపోయినది. దాని ఫలితం తెలుగు జిల్లాల పిల్లలకు ఎంత అందినదో పళ్ళు చెప్పగలవు. వంకర పళ్ళు సరిచేసే చికిత్సలో దంత కళాశాలలు తీసివేసే పళ్ళు సైతం ఇందుకు పనికివచ్చేవే.

అభ్యంతరాలు, బాధ్యతలు

ఈ ప్రతిపాదనపై రెండు అభ్యంతరాలు సహేతుకమైనవి. పన్ను ఊడిన నాటికి హాని జరిగిపోయినది, ఇక కొలిచి ప్రయోజనమేమిటన్నది ఒకటి. ఆ బిడ్డ విషయంలో ఇది చాలవరకు నిజమే. పన్ను ఫలితం చికిత్సకు ఆధారం కాదు. అయితే అదే ఇంటి చంటిబిడ్డకు, అదే వీధి గర్భిణికి అది ముందస్తు హెచ్చరిక. ఎక్కువ సీసం కనిపించిన ఇంట వెంటనే రక్త పరీక్షకు ఏర్పాటు లేకుండా పళ్ళు సేకరించడం మాత్రం తప్పు.

రెండవ అభ్యంతరం మరింత బరువైనది. ఫలానా గ్రామపు పిల్లల పళ్ళలో సీసం ఉన్నదని వార్త వెలువడగానే ఆ గ్రామపు కూరగాయలను, పాలను కొనేవారుండరు. ఆడపిల్లల పెళ్ళిసంబంధాల మీద కూడా నీడ పడవచ్చు. ఫ్లోరోసిస్ గ్రామాల ప్రజలకు ఈ బాధ తెలియనిది కాదు. నష్టం కాలుష్యం చేసినవానికి కాక, దానిని భరించినవానికి కలుగుతుంది. కనుక గ్రామం పేరు బయటపెట్టే ముందు మూలాన్ని గుర్తించవలెను. గ్రామసభకు ఫలితం ముందుగా తెలుపవలెను. దిద్దుబాటు మార్గం చేతిలో ఉండవలెను. తల్లిదండ్రుల వ్రాతపూర్వక సమ్మతి, నైతిక సంఘం అనుమతి, పేర్లకు బదులు సంకేత సంఖ్యలు, అడిగినవారికి తమ బిడ్డ ఫలితం తెలుసుకొనే హక్కు అనేవి అలంకారాలు కావు, పరిశోధనకు పునాదులు.

చేయవలసిన పని చిన్నగానే మొదలు కావచ్చు. ఒక కృషి విజ్ఞాన కేంద్రం, ఒక దంత కళాశాల, నాణ్యమైన ఐసీపీ-ఎంఎస్ సదుపాయం ఉన్న ఒక సంస్థ కలిసి రెండు మండలాలలో, ఒకటి అనుమానిత మూలాల సమీపంలో, మరొకటి దూరంగా, ఒకే రకపు పాలపళ్ళను సేకరించవచ్చు. ప్రతి పంటితో పాటు పుట్టిన తేదీ, తల్లి గర్భవతిగా ఉన్న ఊరు, త్రాగునీరు, ఇంటి పసుపు, కళాయి పాత్రలు, సమీప కొలుములు, పెరటి మట్టి వివరాలు నమోదు కావలెను. దంతవైద్యుని వద్ద పన్ను ఉంటుంది గాని ఆ ఊరి నేల చరిత్ర ఉండదు. నేల శాస్త్రవేత్త వద్ద మట్టి ఉంటుంది గాని పన్ను ఉండదు. ఈ రెండూ ఒకే పట్టికలో పక్కపక్కన చేరినప్పుడే మూలం తెలుస్తుంది. పశువైద్య విభాగం అదే మండలాల పశువుల పళ్ళను కూడా జోడించినట్లయితే మేత దారి సైతం స్పష్టమవుతుంది.

పశువును కొనే రైతు మొదట దాని నోరు తెరిచి చూస్తాడు. రెండు పళ్ళదో, నాలుగు పళ్ళదో, ఆరు పళ్ళదో చూసి వయస్సు చెబుతాడు. అమ్మేవాని మాటకంటె పంటి మాటనే నమ్ముతాడు. ఆ విజ్ఞతను పిల్లల ఆరోగ్యానికి అన్వయించవలసిన తరుణమిది. నేలకు ఆరోగ్య పత్రం ఇస్తున్న వ్యవస్థ, ఆ నేలపై పెరిగే బిడ్డ పంటిలో వ్రాసి ఉన్న దానిని చదవకుండా వదిలివేయడం న్యాయం కాదు.